డ్రాఫ్టర్ భుజాన వేసుకుని తిరిగిన రోజులు

పదకొండు, పన్నెండు తరగతుల్లో నేను చదివిన ఐదు సబ్జెక్టుల్లో నాలుగు అందరూ చదివినవే. ఐదోది ఇంజనీరింగ్ డ్రాయింగ్. దాని గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఇవాళ పుణెలో ఒక ఫ్యాక్టరీలో పంపుల విడిభాగాలు డిజైన్ చేసే పనిలో ఉన్నానంటే దానికి పునాది వైజాగ్‌లో మా స్కూలు వెనకాల రేకుల షెడ్డులో పడింది. ఇంజనీరింగ్ కాలేజీ ఆ తర్వాతి సంగతి.

1993లో పదో తరగతి అయింది. మా ఈడు పిల్లల్లో చాలామంది ఇంటర్ ఎంపీసీలో చేరిపోయి తెల్లారకుండానే ఎంసెట్ కోచింగ్‌కి సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళు. నేను సీబీఎస్ఈ స్కూల్లోనే ప్లస్ టూకి ఉండిపోయాను. ఐదో సబ్జెక్టుకి బయాలజీ, కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోమన్నారు. నేను డ్రాయింగ్ అనగానే చుట్టాల్లో ప్రతివాళ్ళూ ఒకే ప్రశ్న అడిగారు, "ఎంసెట్‌లో వస్తుందా?" అని. రాదు. రెండో ప్రశ్న మా పెద్దనాన్న అడిగారు, ఆడపిల్లకి ఇదెందుకని. దానికి నాన్నే జవాబు చెప్పారు. నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. "అన్నయ్యా, ముప్ఫై ఏళ్ళుగా ఎవరో గీసింది చదువుకుని పని చేస్తున్నాను. మా ఇంట్లో ఒకళ్ళు గీసేవాళ్ళు కూడా ఉండనీ" అన్నారు. ఆ మాట తర్వాత ఇంక ఎవరూ ఏమీ అనలేదు.

సింధియా దగ్గర గాంధీగ్రాంలో ఉండేవాళ్ళం. ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి తెలుసు, అక్కడ రోజుని గడియారంతో కాకుండా సైరన్‌తో లెక్కపెట్టుకుంటారు. కాలనీలో సగం మంది పిల్లల నోట్‌పుస్తకాలకి అట్టలు పాత బ్లూప్రింట్లే. ఎవడి సోషల్ పుస్తకం మీద చూసినా ఏదో పైపో, ఏదో వాల్వో, దాని పక్కన బాణం గుర్తులూ అంకెలూ. చిన్నప్పుడు అవి ముగ్గుల్లాగ కనిపించేవి. ప్లస్ టూలో చేరిన కొన్ని నెలలకి ఒక రోజు మా తమ్ముడి లెక్కల పుస్తకం అట్ట చూస్తూ చూస్తూ, ఇది ఫ్లాంజ్, అంటే గొట్టం కొసన బోల్టులు బిగించే చుట్టంచు, ఇది దాని సెక్షన్, అంటే కోసి చూస్తే కనిపించే లోపలి రూపం, ఈ చుక్కల గీత వెనకాల దాగిన రంధ్రం అని నాకు నేనే చదివేసుకున్నాను. అక్షరాలు వచ్చిన కొత్తలో బస్సు మీద ఊరి పేరు చదివినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదేమో.

సామాన్లు కొనడమే ఒక పండగ. బోర్డుకి బిగించి గీతలు గీసుకునే మినీ డ్రాఫ్టర్, సెట్ స్క్వేర్లు, ఫ్రెంచ్ కర్వ్‌లు, కామ్లిన్ ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు, హెచ్‌బీ నుంచి 4హెచ్ దాకా పెన్సిళ్ళు, షీట్లు చుట్టి పెట్టుకునే పొడుగాటి గొట్టం. డ్రాఫ్టర్ ఖరీదైంది కాబట్టి నాన్న సెకండ్‌హ్యాండ్‌ది వెతికి తెచ్చారు. దాని బిగింపు మర కొంచెం వదులుగా ఉంటే ఇంట్లోనే ఒక వాషరు వేసి సరిచేసిచ్చారు. సంచిలో డ్రాఫ్టర్ వేసుకుని, గొట్టం భుజానికి తగిలించుకుని సిటీ బస్సెక్కితే కండక్టరు "అదేటమ్మా, తుపాకీయా?" అనేవాడు. ఆ గొట్టంతో బస్సులో నిలబడటం కష్టమే, కానీ దాన్ని మోస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

వైజాగ్ గాలిలో డ్రాయింగ్ గీయడం వేరే విద్య. సముద్రం తేమకి షీటు ఉబ్బుతుంది, చెమట చేయి ఆనితే గ్రాఫైట్ అలుక్కుపోతుంది. అందుకే చేతి కింద ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ఉండేది, మెడలో చేతిరుమాలు ఉండేది. ఏప్రిల్‌లో ఫ్యాను వేస్తే షీటు లేస్తుంది, ఆపితే చెమట కారుతుంది. పెన్సిల్ మొనని ఉప్పుకాగితం మీద ఉలి అంచులా అరగదీయడం, వస్తువు అంచుగీతకి లావు, కొలతగీతకి సన్నం, మధ్యగీతకి ఒక పొడుగు ఒక పొట్టి, కింద కుడి మూల 185 బై 65 మిల్లీమీటర్ల టైటిల్ బ్లాక్. ఇవన్నీ ఎందుకింత పట్టింపు అని మొదట్లో విసుగొచ్చేది. మా డ్రాయింగ్ సారు ఒకటే చెప్పేవారు, "నువ్వు పక్కన లేనప్పుడు నీ కాగితమే మాట్లాడాలమ్మా. వెల్డరు నీ ఇంటికొచ్చి ఇదేంటని అడగడు" అని.

సారు గురించి చెప్పాలి. టీచరు కాకముందు ఆయన ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. ఒక వస్తువుని వేర్వేరు వైపుల నుంచి చూసి కాగితం మీద పెట్టే ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ పాఠానికి బోర్డు మీద ఒక్క గీత గీయలేదు. క్లాసు గది మూలకి మమ్మల్నందరినీ పిలిచి, ఆ మూలలో అగ్గిపెట్టెని దారంతో వేలాడదీశారు. ముందు నుంచి చూస్తే ఏది కనిపిస్తుందో దాన్ని వెనక గోడ మీద సుద్దతో గీయమన్నారు, పైనుంచి చూస్తే కనిపించేది నేల మీద, ఎడమ నుంచి చూస్తే కనిపించేది కుడి గోడ మీద. తర్వాత "ఇప్పుడు ఈ మూలని విప్పి కాగితంలా పరిస్తే?" అన్నారు. నేల కిందకి దిగింది, అంటే పైనుంచి చూసిన ప్లాన్ కింద, ముందు నుంచి చూసిన ఎలివేషన్ పైన. అమెరికాలో థర్డ్ యాంగిల్ వాడతారు, వాళ్ళకి ప్లాన్ పైనుంటుంది, మన దేశంలో ఫస్ట్ యాంగిల్ అని చెప్పి, షీటు మీద ఆ గుర్తు వేయకపోతే ఒక దేశంలో గీసినదాన్ని ఇంకో దేశంలో తిరగేసి చేస్తారని చెప్పారు. ఆ గోడల మీద సుద్దగీతలు చాలా రోజులుండిపోయాయి.

పన్నెండులో మెషీన్ డ్రాయింగ్ వచ్చింది. బుష్ బేరింగ్, ఫుట్‌స్టెప్ బేరింగ్, కాటర్ జాయింట్, టర్న్‌బకిల్, ఫ్లాంజ్ కప్లింగ్, స్టెప్డ్ పుల్లీ. పుస్తకంలో బొమ్మ చూసి కాపీ కొడితే మార్కులొచ్చేస్తాయి. సారు మాత్రం ప్రతిదానికీ ఊళ్ళో చిరునామా చెప్పేవారు. టర్న్‌బకిల్ చూడాలంటే స్తంభాలని లాగి కట్టిన స్టే వైర్ల దగ్గరికెళ్ళమనేవారు. ఫ్లాంజ్ కప్లింగ్‌కి కాలనీ పంపుహౌసు, మోటారునీ పంపునీ కలుపుతూ మధ్యలో తిరుగుతూ కనిపిస్తుంది. స్టెప్డ్ పుల్లీ మా షెడ్డులో డ్రిల్లింగ్ మెషీన్ మీదే ఉంది, బెల్టుని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మారిస్తే వేగం మారుతుంది.

ఫ్లాంజ్ కప్లింగ్ రోజు నాకు బాగా గుర్తు. అందులో రెండు రకాలు, ప్రొటెక్టెడ్, అన్‌ప్రొటెక్టెడ్. గీయడానికి రెండోది సులువు కాబట్టి మేమందరం అదే ఇష్టపడేవాళ్ళం. ప్రొటెక్టెడ్‌లో ఫ్లాంజి అంచు బయటికి పెరిగి బోల్టు తలల్ని, నట్లని కప్పేస్తుంది, అంటే అదనంగా మరికొన్ని గీతలు, సెక్షన్‌లో ఇంకొంచెం హ్యాచింగ్, అంటే ఏటవాలు గీతలు. ఎందుకా అంచు అని సారు అడిగితే బలం కోసమని ఒకడన్నాడు, అందం కోసమని ఇంకొకడు. ఆయన తల అడ్డంగా ఊపి, తన భుజం మీద కండువా తీసి, దాని కొసని తిరుగుతున్న షాఫ్ట్ వైపు జారుతున్నట్టు చూపించి ఆపేశారు. తిరిగే బోల్టు తలకి బట్ట చుట్టుకుంటే మనిషి కూడా దాంతో వెళ్ళిపోతాడు. ఆ అంచు మనిషి బట్ట కోసం ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది. నాన్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు చొక్కా చేతులు బిగించి గుండీలు పెట్టుకోవడం రోజూ చూసేదాన్ని, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. అప్పటినుంచి ఏ డ్రాయింగులో ఏ అదనపు గీత కనిపించినా, ఇది ఎవరిని కాపాడటానికుందో అని వెతకడం అలవాటైంది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు ఖర్చు తగ్గుతుందని ఒక గార్డు తీసేద్దామంటే నేను గట్టిగా గొడవపడతాను.

స్క్రూ మరల పాఠానికి సారు వాళ్ళింటి నుంచి ఇత్తడి మరచెంబు తెచ్చారు. రైల్లో తీర్థయాత్రలకి వెళ్ళేటప్పుడు మంచినీళ్ళకి వాడేది. మూత విప్పి అందరి చేతుల్లో తిప్పించారు. బోల్టు మర కోసుగా వి ఆకారంలో, మెట్రిక్‌లో 60 డిగ్రీల కోణంతో ఉంటుంది, బిగిస్తే వదలదు. బల్లకి బిగించిన వైసులో మర చతురస్రంగా ఉంటుంది, బరువు నెడుతుంది. చెంబు మర మాత్రం గుండ్రంగా, మెత్తగా ఉంది, దాన్ని నకిల్ థ్రెడ్ అంటారు, రైలు పెట్టెల కప్లింగుల్లో కూడా ఉంటుందని చెప్పారు. ఎందుకు గుండ్రం? ఎన్నిసార్లు తీసి పెట్టినా, దుమ్ము పడినా, కొంచెం సొట్టపడినా మూత పడుతుంది, చేతికి గీసుకోదు, చింతపండుతో తోమితే మురికి పోతుంది. అదే సందర్భంలో, 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి డిజైనర్లు ఈమ్స్ దంపతులు వచ్చి తిరిగారనీ, వాళ్ళిచ్చిన నివేదికలో మన చెంబుని గొప్ప డిజైన్‌గా పొగిడారనీ, 1961లో అహ్మదాబాద్‌లో డిజైన్ సంస్థ పెట్టడానికి ఆ నివేదికే ఆధారమనీ చెప్పారు. డిజైన్ అనేది ఒక చదువని, దానికో కాలేజీ ఉందని నేను వినడం అదే మొదటిసారి.

మా ఊరే ఒక పాఠ్యపుస్తకం అనిపించేది ఆ రెండేళ్ళూ. 1948లో నెహ్రూ వచ్చి నీళ్ళలోకి దింపిన జలఉష అనే ఓడ మా కాలనీవాళ్ళందరికీ సొంత మనిషి లెక్క. ఓడ కట్టేచోట పూర్వం పెద్ద హాలు నేల మీద ఓడ గీతల్ని అసలు సైజులో గీసేవాళ్ళని, దాని మీంచి చెక్క అచ్చులు తీసి రేకు కోసేవాళ్ళని నాన్న చెప్తే, ఎ2 షీటు మీద అరచేయంత బేరింగ్ గీయడానికే మెడ పట్టేసే నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. 1930ల్లో హార్బరు కట్టినప్పుడు అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని అక్కడే ముంచి గోడగా వాడుకున్నారని సారు చెప్పిన రోజు, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తూ చాలాసేపు అదే ఆలోచించాను. పనైపోయిన వస్తువుకి ఇంకో పని వెతకడం అంత పెద్ద స్థాయిలో చేయొచ్చా అని.

తుప్పు గురించి మాకెవరూ చెప్పక్కర్లేదు. సముద్రం పక్కన కిటికీ ఊచలు ఎలా పొరలు పొరలుగా ఊడిపోతాయో పుట్టినప్పట్నుంచి చూస్తున్నవాళ్ళం. అయితే ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తారని, జింకు ముందుగా కరిగిపోతూ ఉక్కుని కాపాడుతుందని కెమిస్ట్రీ క్లాసులో చదివినదాన్ని నాన్న పళ్ళెం ముందు కూర్చుని మామూలుగా చెప్పేశారు. ఇత్తడి స్క్రూ ఇనప రేకుకి బిగిస్తే ఉప్పుగాలిలో రేకుని తుప్పు ఎందుకు బేగి తినేస్తుందో కూడా. ఈ కబుర్లు తర్వాత నా పనికి ఎంత ఉపయోగపడ్డాయో లెక్కలేదు.

ఒకసారి ఏటికొప్పాక తీసుకెళ్ళారు. అప్పట్లో అది విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. వరాహ నది ఒడ్డున ఊరు, వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ లేతు శబ్దం. అంకుడు కర్ర తెల్లగా మెత్తగా ఉంటుంది. ముక్కని లేతుకి బిగించి తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. అది తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు అద్దుకుంటుంది, బ్రష్షు లేదు, పొయ్యి లేదు. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. మా చిన్నప్పటి లక్కపిడతలు ఇలా పుడతాయని కళ్ళారా చూసి మా క్లాసులో మగపిల్లలు కూడా నోరెళ్ళబెట్టారు. సారు మా చేతికి తలో కుంకుమ భరిణె ఇచ్చి అక్కడే గీయమన్నారు. మూడు వ్యూలు గీయబోతే ఆపారు. గుండ్రంగా తిప్పి చేసిన వస్తువుకి ఒక మధ్యగీత, ఒక వైపు అంచు, వ్యాసం గుర్తు ఉంటే చాలు, మిగతాది లేతు చూసుకుంటుంది. పక్కనే ఆ పనిచేసే పెద్దాయన మా షీటు కేసి చూసి, "నేను కంటితో చూసేది మీరు కాగితం మీద పెడతన్నారు" అన్నాడు. ఆ బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు, సహజ రంగుల కోసం అంత పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు, మా పాత క్లాసువాళ్ళం ఫోన్లు చేసుకుని మరీ సంతోషపడ్డాం.

మధ్యలో ఒక మాట. మా అక్క కొడుకు ఇంగ్లండులో మన ప్లస్ టూ లాంటి ఎ-లెవెల్‌లో ప్రొడక్ట్ డిజైన్ తీసుకున్నాడు. సమస్య వెతకడం, వాడే మనిషితో మాట్లాడటం, నమూనాలు చేయడం, చివరికి వస్తువు తయారుచేసి పరీక్షించడం, ఇదంతా ఒక ఫోల్డరుగా పెడితే మొత్తం మార్కుల్లో 50 శాతం దానికేనట. వాడు ఫోన్లో వివరిస్తుంటే, ఇదంతా మా సారు ఏ సిలబస్సూ అడగకుండానే మాతో చేయించారు కదా అనుకున్నాను. మాకు దానికి మార్కులు లేవు. వర్క్ ఎక్స్‌పీరియెన్స్ అని మార్కుల లిస్టులో ఒక గ్రేడు అక్షరం, అంతే. ఆ అక్షరం కోసం మేము వెచ్చించినంత సమయం ఫిజిక్సుకి కూడా వెచ్చించలేదు, దానికి నాకిప్పటికీ ఏ చింతా లేదు.

ఇప్పుడు కత్తిపీట సంగతి. పన్నెండులో ఒక్కొక్కళ్ళూ ఇంట్లోవాళ్ళకి పనికొచ్చే వస్తువొకటి ఆలోచించి, గీసి, చేసి తేవాలన్నారు సారు. షరతు ఏంటంటే, మొదటి పేజీలో వస్తువు పేరు రాయకూడదు, ఎవరు, ఏం చేస్తారు, ఎక్కడ కష్టపడుతున్నారు అన్నవి మాత్రమే రాయాలి. మా అమ్మమ్మ అప్పటికి మా దగ్గరే ఉండేది. మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చోవద్దన్నారు డాక్టరు. ఇంటిల్లిపాదికీ కూరలు తరిగే మనిషి, గోంగూర నుంచి గుమ్మడికాయ దాకా ఆవిడ చేతిమీదే వెళ్ళాలి. అమ్మ చాకు, చెక్క ఇస్తే ఆవిడకి కుదరలేదు. చాకుతో కోస్తే కత్తి కదులుతుంది, కూర ఆగుతుంది. కత్తిపీటకి కత్తి ఆగుతుంది, కూర కదులుతుంది, రెండు చేతులూ కూరనే పట్టుకుంటాయి. అరవై ఏళ్ళ అలవాటున్న చేతుల్ని తిరగేసి నడవమంటే ఎలా?

ముందు టీపాయ్ అంచుకి జి-క్లాంప్‌తో బిగించే కత్తిపీట గీశాను. బొమ్మ బాగా వచ్చింది, సారు కూడా బాగుందన్నారు, కానీ "అమ్మమ్మ గారికి చూపించావా?" అన్నారు. అట్టముక్కలతో నమూనా చేసి, కత్తి బదులు స్కేలు గుచ్చి అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ వంకాయ అందుకుని, కాసేపు తటపటాయించి, కుడికాలు అటూ ఇటూ కదిపి, "ఒసేయ్ బుజ్జీ, మరి కాలెక్కడ పెట్టనే?" అంది.

ఆ ప్రశ్న మొత్తం డిజైన్‌ని మార్చేసింది. నేల మీద కూర్చున్నప్పుడు పీటని కదలకుండా పట్టుకునేది కాలే. ఒళ్ళంతా ఆ కాలి మీద ఆనుకుని ఉంటుంది, చేతులు ఆ ధైర్యంతో తోస్తాయి. క్లాంపు పీటని పట్టుకుంటుంది గానీ ఆవిడకి ఆ ధైర్యమివ్వదు. సారుకి చెప్తే ఆయన నా పాత షీటుని పక్కన పెట్టేసి, అమ్మమ్మని నేల మీద ఒక్కసారి కూర్చోబెట్టి కొలవమన్నారు. మోచేయి ఎంత ఎత్తు, కత్తి మధ్యభాగం ఎంత ఎత్తు, రెండింటికీ తేడా ఎంత. ఆ తేడాని అలాగే ఉంచి మొత్తాన్ని కుర్చీ ఎత్తుకి లేపాలి. లెక్క వేస్తే పీట సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తుకొచ్చింది. అంటే మోకాళ్ళ మధ్య ఇమిడే సన్నని స్టాండు, కింద వెడల్పాటి అడుగుపలక, ఆ పలక మీద రెండు పాదాలూ. ముక్కలు పడటానికి కత్తి కింద పళ్ళెం కూర్చునే ఇనప రింగు. కత్తి మడతపెట్టి చెవుల నట్టుతో బిగించేది, ఇంట్లో చిన్నపిల్లలుంటారు కాబట్టి.

షీట్లు గీశాక గాజువాక ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాను. ఆయన షీటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి పాపా, ఎవులి కోసం ఇది?" అన్నాడు. అమ్మమ్మ కోసమన్నాను. అంతే, ఉన్న పని పక్కన పెట్టి కూర్చున్నాడు. 25 మిల్లీమీటర్ల యాంగిల్‌తో ఫ్రేము, మూలల్లో నేను పెట్టిన కోత చూసి "ఇలాగ కోస్తే ఇక్కడ ఇరిగిపోద్ది, చిన్న ముక్క అడ్డమేద్దాం" అని తనే పెన్సిల్‌తో నా షీటు మీద గుసెట్ గీశాడు. సారు ఆ మురికి చేతి గీతని చెరపనివ్వలేదు. ఫైనల్ షీటులో దాన్ని శుభ్రంగా గీయించి, పాతదాన్ని కూడా ఫైల్లో పెట్టించారు.

కత్తి మాత్రం కమ్మరి దగ్గర. లారీ కమాను పట్టీ ముక్క. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు కదా అంటే, పదును నిలవదు, పైగా అమ్మమ్మకి నచ్చదు అన్నారు నాన్న. ఎర్రగా కాల్చి, ఒక్కసారి ముంచి గట్టిపరిచి, మళ్ళీ కొంచెం వేడి చేసి ఎండుగడ్డి రంగు రాగానే ఆపడం చూశాను. ఆ రెండో వేడి లేకపోతే గట్టిగా ఉంటుంది గానీ పెళుసుగా విరుగుతుంది. అడుగుపలక పోర్టు నుంచి వచ్చే ప్యాకింగ్ పెట్టెల చెక్కతో చేశాం. ఫ్రేముకి రెడ్ ఆక్సైడ్, దాని మీద ఆకుపచ్చ ఎనామిల్, కత్తికి రోజూ వాడాక తుడిచి కొబ్బరినూనె.

మొదటి రోజు అమ్మమ్మ ఆనపకాయ కోసింది. ఏమీ అనలేదు, ఒక్కసారి స్టాండుని మోకాళ్ళతో నొక్కి చూసుకుని కాయ మొత్తం తరిగేసింది. పక్కింటివాళ్ళు చూడటానికొచ్చారు. సారు కూడా ఒక ఆదివారం స్కూటర్ మీద మా ఇంటికొచ్చి, ఆవిడ పక్కన పీటేసుకుని కూర్చుని, ఎక్కడ నొప్పొస్తోంది, ఎక్కడ బాగుంది అని అడిగి రాసుకున్నారు. వంటింట్లో మా అమ్మమ్మతో ఒక టీచరు అలా మాట్లాడటం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది.

మేము పరీక్షలు రాసి వచ్చేసిన కొన్నేళ్ళకి ఆ షెడ్డు తీసేసి ఎంట్రన్సు కోచింగ్ గదులు కట్టారని విన్నాను. వైసులు, ఆ స్టెప్డ్ పుల్లీ డ్రిల్లింగ్ మెషీను పాత ఇనుము కింద అమ్మేశారట. నాకది నిజంగా బాధ. ఎంట్రన్సులు అవసరమే, కానీ పదిహేడేళ్ళ పిల్లకి తన చేత్తో ఒక వస్తువు చేసి ఇంకొకరి చేతిలో పెట్టే అవకాశం అంత తొందరగా మళ్ళీ రాదు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో నాకు రాలేదు.

ఆటోనగర్ వెల్డరు మాత్రం ఆ షీటు కాపీ ఒకటి అడిగి ఉంచుకున్నాడు. నేను సెలవులకి కాలేజీ నుంచి వచ్చినప్పుడు నాన్నతో కలిసి వెళ్తే షాపు ముందు అలాంటివే వరసగా నిలబెట్టి ఉన్నాయి, గాజువాకలో పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు చెప్పి చేయించుకుంటున్నారట. కొలతలన్నీ నావే. ఒక్కటే మార్చాడు. కింద చెక్కపలక తీసేసి, ఓడల డెక్కుల మీదా లారీల మెట్ల మీదా వేసే గళ్ళ ఇనపరేకు వేశాడు. "తడి కాళ్ళతో వంటింట్లో తిరుగుతారు కదమ్మా, చెక్క మీద జారతారు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే అమ్మమ్మ తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టి, "అయితే నాదానికీ అదే వెయ్యమను, రేపే పట్టుకెళ్ళు" అంది.